శోకం చివరిదాకా వినాలె

ముందుగాల ఒక మాట

నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పుడు రాదు. మా ఇంట్లో బల్లి పడితే, నేను పాత బస్టాండు చేరేసరికి అది ఉడుము అయితది, తిరిగి ఇంటికి వచ్చేసరికి మొసలి. మా అక్క సత్తెమ్మకు ఈ సంగతి బాగా ఎరుక. నేను నోరు తెరవంగనే "మూడు పాళ్లు తీసేసి మిగిలింది చెప్పు తమ్మీ, పొయ్యి మీద కూర ఉన్నది" అనేది. మీరు కూడా అట్లనే మూడు పాళ్లు తీసేసి చదువుకోండ్రి. ఇందులో నేను గాలి కొట్టి ఉబ్బించినవి చాలా ఉన్నయి. ఏమీ లేనిచోట పుట్టించింది మాత్రం ఒక్కటే. అదేందో చివరికి నేనే చెప్త. అక్క ఉంటే ఈ రాత రాసే అవసరమే పడకపోవు. ఆమె ఎందుకు లేదో చెప్పడానికే రాస్తున్న.

యాభై దాటిందో లేదో ఉద్యోగం వదిలేసి, స్టెతస్కోపు గోడ మొలకు తగిలించి ఇంట్లో కూసున్న డాక్టర్ను నేను. డాక్టరీలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు వచ్చి అడుగుతరు: "సార్, మీరు హౌస్ సర్జన్లకు పాటలతోని, కథలతోని వైద్యం నేర్పిన్రట గదా, ఎట్ల నేర్పిన్రు?" అని. పట్నంలో ఇప్పుడిదొక కొత్త ముచ్చట. కథలు చదివితే, నాటకం ఆడితే డాక్టరు మనసు మెత్తబడుతదట. నేను ఆ పని ఎనభైలలోనే చేసిన. మెత్తబడే మాట నిజమే. మెత్తబడ్డ మనసు తర్వాత ఏం చేస్తదో కూడా చూసిన.

మా దవాఖాన

సిద్దిపేటలో అప్పట్లో ఒక ట్రస్టు దవాఖాన ఉండేది. పేరు చెప్పను. ఇప్పుడు ఆ జాగలో ఫంక్షన్ హాలు లేచింది, పెండ్లి భోజనాలు చేసేటోళ్లకు పాత సంగతులు ఎందుకు? జనరల్ వార్డులో ఒక ఫ్యాను ఉండేది, అది తిరిగితే వచ్చే గాలి దానికే చాలకపోయేది. ఎక్స్‌రే మిషను మంచిరోజు, వర్జ్యం చూసుకొని పని చేసేది. ఒకనాడు బర్రె ఒకటి వార్డులోకి వచ్చి ఖాళీ మంచం పక్కన నిలబడితే, నర్సు తల ఎత్తకుండానే "పేరేంది? ఏ ఊరు?" అని అడిగింది.

మా సూపరింటెండెంటు నరహరి సార్. ముందు మీసం వచ్చేది, కొంచెం సేపటికి ఆయన వచ్చేటోడు. దవాఖానకు పట్టిన పెద్ద రోగం చప్పుడు అని ఆయన నమ్మకం. "రోగం తగ్గకున్నా నడుస్తదయ్యా, చప్పుడు మాత్రం కావద్దు" అనేటోడు. అందుకే మా వాచ్‌మన్ ఖాజా భాయ్‌కి గేటు కాసుడు చిన్న పని. ఎవరన్నా పోతే, ఏడ్చే ఆడోళ్లను గేటు అవతలికి తోలుడు పెద్ద పని.

పట్నం కాలేజీల నుంచి హౌస్ సర్జన్లు కొన్ని నెలల లెక్కన మా దగ్గరికి వచ్చేటోళ్లు. పల్లె అనుభవం కావాలని పంపేటోళ్లు. బర్రెను పెరుగు రూపంలో తప్ప చూడని పిల్లలు. వాళ్లకు నేర్పే పని నాది.

కొండపాక లచ్చవ్వ

ఒకనాడు పొద్దుగాల్ల కొండపాక నుంచి మల్లయ్య అనే రైతును బండి మీద తెచ్చిన్రు. కడుపునొప్పి. హౌస్ సర్జన్ చూసిండు. మనిషికి మాట ముద్దగా వస్తున్నది, రెప్పలు వాలుతున్నయి. "కల్లు ఎక్కువైంది, పండుకోనియ్యుండ్రి" అని గ్యాసు గోలి ఇచ్చి పక్క మంచానికి పోయిండు. పగటి అన్నం వేళకల్లా మల్లయ్యకు ఊపిరి ఆడలేదు. నేను వచ్చేసరికి అయిపోయింది.

ఆయన భార్య లచ్చవ్వ వరండాలో కూలబడి శోకం ఎత్తుకున్నది. మా దిక్కు ఆడోళ్లు ఉత్తగ ఏడ్వరు. రాగం తీసి, పోయినవాళ్లను పిలుచుకుంట, జరిగిందంతా మొదటి నుంచి చెప్పుకుంట ఏడుస్తరు. ఖాజా భాయ్ కట్టె పట్టుకొని రానే వచ్చిండు.

"అరే చుప్! పెద్దసాబ్ గుస్స చేస్తడు, బయట్కి నడువ్ అవ్వా."

"ఆగు భాయ్" అన్న నేను. ఎందుకంటే మొదటి మాటే నా చెవిలో పడి ఇరుక్కున్నది.

"వడ్లకుప్ప కాడ మన్నుల పండితివి గదా నా అయ్యా…
తెల్లారంగ కడుపు పట్టుకొని లేస్తివి గదా నా అయ్యా…
నీ రెప్పలు వాలవట్టె, నీ నాలిక మందమాయె…
కల్లు తాగినవంటిరి గదా నా అయ్యా…
మల్లన్నకు మొక్కుకొని సుక్క ముట్టకపోతివి, నిన్ను తాగుబోతును జేసిరి గదా నా అయ్యా…"

నేల మీద నిద్ర. తెల్లారుజామున కడుపునొప్పి. రెప్పలు వాలుడు, మాట పడుడు. నేను గోడకు ఒరిగి నిలబడ్డ. కట్లపాము. దాని గాటు కండ్లకు కనపడదు, కరిచిన తావున నొప్పి కూడా ఉండదు. పుస్తకాలల్లో రాసి ఉన్న సంగతే. మా కేసు షీటులో 'కడుపునొప్పి, కల్లు' తప్ప ఇంకో ముక్క లేదు. లచ్చవ్వ శోకంలో అంతా ఉన్నది, వరుస తప్పకుండ.

పక్కన నిలబడ్డ హౌస్ సర్జన్ మెల్లగ అడిగిండు. "సార్, ఆమె ఏమంటున్నది?"

"నువ్వు చేసిందే చెప్తున్నది నాయినా. విను."

వాడు విన్నడు. ఆ పూట వాడు అన్నం తినలేదు. నేను రెండు పూటలు అని చెప్తుంట.

శోకం క్లాసు

ఆ తర్వాత నేనొక పద్ధతి పెట్టిన. వార్డులో ఎవరన్నా పోతే, ఆ మనిషిని చూసిన హౌస్ సర్జన్ శోకం చివరిదాకా నిలబడి వినాలె. నడుమ పోవద్దు, ఓదార్చవద్దు, గడియారం చూడవద్దు. శనివారం అందరం కూసున్నంక, విన్నది విన్నట్టు ఆ ఇల్లాలి మాటల్లోనే చెప్పాలె. నడుమ ఒక్క ఇంగ్లీషు ముక్క వచ్చినా ఆనాడు చాయ్ బంద్. మొదటి నెలంతా అందరి చాయలు నేనే తాగిన. ఆ నెల నాకు నిద్ర అన్నదే లేదు.

నరహరి సార్ మీసం దువ్వుకుంట పిలిచిండు.

"ఏందయ్యా ఇది? మనం డాక్టర్లను తయారు చేస్తున్నమా, ఏడుపుగొట్టోళ్లనా?"

"శోకంలో రోగం దొరుకుతది సార్."

"పోయినంక దొరికితే ఏం లాభం?"

"తర్వాత వచ్చేటోనికి లాభం సార్."

ఆయన ఒప్పుకోలేదు, కాదనలేదు. చప్పుడు తన గది దాకా రావద్దు అన్నడు. ఖాజా భాయ్ కట్టె పక్కన పెట్టిండు. "మా మతంల గిట్ల గట్టిగ ఏడ్సుడు మంచిది కాదంటరు సాబ్. గని వింటుంటె కాళ్లు కదుల్తలేవు" అన్నడు.

మొదట్లో పని చేసింది, అబద్ధం చెప్పను. కడుపునొప్పి అని ఎవరొచ్చినా "నేల మీద పండుకున్నవా?" అని అడుగుడు మా దవాఖానలో అలవాటైంది. కుకునూరుపల్లి నుంచి వచ్చిన ఒక ఆడపిల్లను అట్ల అడిగే పసిగట్టి, జీపులో వేసి పట్నం పంపితే బతికి బట్టకట్టింది. ఆనాడు నేను సిద్దిపేట నడుమ రోడ్డు మీద ఎగిరిన. ఎంత ఎత్తు ఎగిరిన్నో అడుగకుండ్రి.

ప్రభాకర్

కొన్నేండ్ల తర్వాత ఒక బ్యాచులో ప్రభాకర్ వచ్చిండు. తెలివి అంటే వానిది. మూసిన పుస్తకం మీద చెయ్యి పెడితే చాలు, అక్షరాలు వేళ్లకు అంటుతయని తోటి పిల్లలు భయపడేటోళ్లు. కానీ మంచం మీది మనిషితోని మాట్లాడుడు రాదు. వాని తొలి శోకం వానికి వడదెబ్బ లెక్క తగిలింది. కొడుకు పోయిన ఒక ముసలవ్వ ఏడ్చింది.

"సూది గుచ్చెటోడు నీ మొకం సూడకపాయె కొడుకా… గోడతోని మాట్లాడినట్టు మాట్లాడె కొడుకా… గా సన్న డాక్టరు కండ్లల్ల మన్నువడ…"

సన్న డాక్టరు అంటే వాడే. వాడు ఎర్రబడ్డ మొకంతోని నా గదిలోకి వచ్చిండు.

"సార్, నేను డోసు కరెక్టుగ ఇచ్చిన. టైముకు ఇచ్చిన. అయినా తిట్టింది."

"డోసుకు తిట్టలేదు గదా."

"మరి దేనికి సార్?"

"మొకం చూడలేదని."

"చూస్తే బతుకునా?"

"బతుకకపోవు."

"మరి ఎందుకు చూడాలె?"

"రేపటి నుంచి చూడు, చూసి నువ్వే నాకు చెప్పు" అన్న. పెద్ద గురువు లెక్క అన్న. అప్పుడు నా మాట నాకే ముచ్చటగ అనిపించింది.

వాడు చూసుడు మొదలుపెట్టిండు. ఇంకా చాలా నేర్చిండు. మంచం అంచు మీద కూసునుడు, రోగి చెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకునుడు, మనుమల పేర్లు అడుగుడు, మేకల పేర్లు కూడా అడుగుడు. కొద్దిరోజులకు ఇంకో శోకంలో వాని సంగతి వచ్చింది: "సన్న డాక్టరు నీ చెయ్యి పట్టె గదా నా తండ్రీ, కన్నకొడుకోలె కూసుండె గదా నా తండ్రీ…" తల వంచుకొని వింటున్న ప్రభాకర్ చెవులు విచ్చుకున్నయి. రోగి పోయిండు, శోకం మాత్రం బాగా వచ్చింది.

ఇగ పోటీ మొదలైంది. శోకంలో ఎవరి మాట మంచిగ వస్తదా అని హౌస్ సర్జన్లు కాచుకునేటోళ్లు. డ్యూటీలో ఉండి వినలేనోళ్లు ఖాజా భాయ్‌ని అడిగేటోళ్లు. ఆయన గేటు కాడ స్టూలెక్కి పరీక్ష ఫలితాలు చదివినట్టు చదివేటోడు.

"ప్రభాకర్ సాబ్ పాస్! శోకంల రెండుసార్లు వచ్చిండు. మీరు రాలే సాబ్. మిమ్మల్ని 'గా లావు డాక్టరు' అన్నది, గంతే. మంచిగ అన్నదా, చెడ్డగ అన్నదా ఖుదాకే ఎరుక."

నాకు నవ్వొచ్చింది. ఇంటికి పోయి అక్కకు చెప్తే ఆమె నవ్వలేదు. "పోయినోళ్ల మీద మార్కులేందిరా?" అన్నది. మూడు పాళ్లు తీసెయ్యమని కూడా అనలేదు.

కమిటీ

మా శోకం క్లాసు పేరు పట్నం దాకా పాకింది. వైద్యవిద్యలో కళల గురించి చూసిపోతమని పెద్దమనుషులు కొందరు కమిటీ కట్టుకొని వస్తమన్నరు. చప్పుడంటే పడని నరహరి సార్‌కు ఒక్క దినంలో చప్పుడు తీపైంది. "సానుభూతికి పది మార్కులు పెడదామయ్యా" అన్నడు. గేటుకు కొత్త రంగు వేయించిండు. మీసానికి కూడా.

కమిటీ వచ్చిననాడు వార్డులో ఎవరూ పోలేదు. నరహరి సార్ పొద్దుగాల్ల నుంచి మంచం మంచం కాడ ఆగి, నాడి చూసి, మొకం చిన్నగ చేసుకొని ముందుకు పోతున్నడు.

"ఏందయ్యా, ఇయ్యాల అందరు ఇంత మంచిగున్నరు?"

"మన వైద్యం పని చేస్తున్నట్టున్నది సార్."

"ఇయ్యాలనే పని చెయ్యాల్నా?"

మా దవాఖాన చరిత్రలో రోగులు బతికినందుకు సూపరింటెండెంటు తిట్టిన దినం అదొక్కటే అని రాసుకోవచ్చు. చివరికి జీపు కొండపాక పోయి లచ్చవ్వను తెచ్చింది. మల్లయ్య పోయి అప్పటికి ఏండ్లయితున్నది. ఆమె హాలులో నేల మీద కూసుండి, కొంగు కప్పుకొని కుర్చీల దిక్కు చూసింది.

నరహరి సార్ వంగి మెత్తగ చెప్పిండు. "అవ్వా, ఆనాడు ఏడ్చినవు గదా. అట్లనే ఇంకోసారి ఏడ్వాలె. పెద్దసార్లు వింటరు."

"ఎందుకు సారూ?"

"పిల్లల సదువు కోసం."

పిల్లల చదువుకు అడ్డం చెప్పుడు ఎట్ల అనుకున్నదేమో, సన్నగ ఎత్తుకున్నది. మొదట అప్పటి మాటలే: వడ్లకుప్ప, కడుపునొప్పి, కల్లు. తర్వాత అవి దాటి పోయింది. ఎడ్లను అమ్మిన సంగతి, బాయి ఎండిన సంగతి, బిడ్డ లగ్గంల తండ్రి జాగల మేనమామ నిలవడ్డ సంగతి. గొంతు పైకి లేచింది. కమిటీలో ఒకాయన గడియారం చూసి "చాలు, లంచ్ చేద్దాం" అన్నడు.

"ఇగ ఆపు అవ్వా" అన్నడు నరహరి సార్.

"ఏడ్వమంటె ఏడిస్తి సారూ. ఆపమంటె ఎట్లాగుతది?"

అప్పుడు ప్రభాకర్ లేచి పోయి, బండల మీద ఆమె పక్కన కూసుండి, ఆమె చెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకొని తల వంచుకున్నడు. లచ్చవ్వ వాని భుజం మీద వాలింది. కమిటీవాళ్లు కండ్లు తుడుచుకున్నరు. ఆ ఏడు మంచి హౌస్ సర్జన్ అన్న బహుమతి వానికే వచ్చింది.

నేను పక్కకున్న కుర్చీలో కూసున్న. నాకు వాని మొకం పక్క నుంచి కనపడుతున్నది. తల వంగి ఉన్నది. కండ్లు మాత్రం కమిటీ దిక్కు ఉన్నయి. మూడు పాళ్లు తీసేసినా ఈ ముక్క మిగులుతది.

మా అక్క

ట్రస్టు దవాఖాన మూతబడ్డది. నేను మెదక్ దిక్కు వేరే కొలువుకు పోయిన. ప్రభాకర్ తిరిగి సిద్దిపేటకే వచ్చి నర్సింగ్ హోము పెట్టిండు. ఊర్లో వానికి 'చెయ్యి పట్టే డాక్టర్' అని పేరు. రోగం ఏదైనా వాని దగ్గరికే పోయేటోళ్లు. అక్కకు కూడా నేనే చెప్పిన, "వాడు నా శిష్యుడు, ఏమన్నా అయితే కండ్లు మూసుకొని పో" అని.

తొంభైల నడుమ ఒక వానాకాలం. అక్కకు బాగలేదని ముందునాడు కబురు రాలేదు. తెల్లారి పొరుగింటి ఫోనులో వచ్చిన కబురే చివరి కబురు. నేను బస్సు దిగి ఇంటికి పోయేసరికి అక్కను వాకిట్లో పండబెట్టిన్రు. ఆమె బిడ్డ సుగుణ తల కాడ కూసుండి శోకం తీస్తున్నది. నేను ఎవరినీ ఏం అడుగలేదు. అడుగాల్సిన పని పడలేదు.

"పొయ్యి కాడ నిలవడంగ చెమటలు పట్టె గదా నాయవ్వా…
దమ్ము ఆడకపాయె, ఎడమ చెయ్యి గుంజవట్టె గదా నాయవ్వా…
చెయ్యివట్టే డాక్టరు కాడికి తోలుకపోతి గదా నాయవ్వా…
నీ గుంజే చెయ్యి గాయన రెండు చేతుల్ల పట్టుకునె గదా…
కన్నకొడుకోలె కూసుండె, నీ కథంత ఇనె గదా నాయవ్వా…
గ్యాసని చెప్పి గోలిచ్చె, నవ్వుకుంట ఇంటికొస్తివి గదా నాయవ్వా…"

చెమటలు. దమ్ము. ఎడమ చెయ్యి. ఏ డాక్టరుకైనా చాలు. ఈసీజీ మిషను ప్రభాకర్ గదిలోనే ఉంటది, కుర్చీ వెనుక బల్ల మీద. మెడ తిప్పితే కనపడుతది. ఆ చెయ్యి గుంజుతున్నదని ఆమె చెప్పింది, వాడు ఆ చెయ్యినే పట్టుకున్నడు. అంత ప్రేమగ పట్టుకున్నడు గనుక ఆమె ఇంకోమాట చెప్పకుండ ఇంటికొచ్చింది. ముసలవ్వ కొడుకు మొకం వాడు చూడలేదు, డోసు మాత్రం సరిగ్గ ఇచ్చిండు. మా అక్క మొకం చూసిండు, మనుమల పేర్లు అడిగిండు, అంతా విన్నడు. వైద్యం ఒక్కటి చెయ్యలేదు.

వాకిటి చివర ప్రభాకర్ నిలబడి ఉన్నడు. చెప్పులు విడిచి, తల వంచుకొని, నేను నేర్పినట్టే నడుమ కదలకుండ. "రెండు చేతుల్ల పట్టుకునె" అన్న మాట రాంగనే తలెత్తిండు. నన్ను చూసిండు. శోకంలో నేను విన్నది వాడూ విన్నడు. మొకం నల్లబడ్డది. సిగ్గుతోని వెనుకకు తిరిగి, చెప్పులు కూడా మరిచి, ఉత్తకాళ్లతోని సందులోకి పోయిండు.

కొత్తగా వచ్చేటోళ్లకు

నా అంత లావు ఉపన్యాసం మీకు ఇయ్యను. కథలు చదువుండ్రి, నాటకాలు ఆడుండ్రి, శోకాలు వినుండ్రి. వద్దనను. కానీ దేని కోసం వింటున్నరో చూసుకోండ్రి. మల్లయ్య శోకంలో నేను కట్లపామును విన్న. అదే శోకాల్లో ప్రభాకర్ తన పేరును విన్నడు. ఇద్దరం నిలబడ్డది ఒక్కతీరే, తల వంచింది ఒక్కతీరే. బయట నుంచి చూసేటోనికి తేడా తెల్వదు. మార్కులు వేసేటోనికి అసలే తెల్వదు. ఆ తేడా ఎట్ల నేర్పాలెనో నాకు ఇప్పటికీ తెల్వదు, తెలిసినోళ్లు కూడా ఇంతవరకు నాకు తగలలేదు. కొలువు ముందే వదిలింది అందుకే.

దినాలయినంక సుగుణ అన్నది: "సారు ఎంత మంచోడు మామా. గా టెస్టు, గీ టెస్టు అని అవ్వను సతాయించలే. చివరిపూట అవ్వ నవ్వుకుంట ఇంటికొచ్చింది."

"అవును బిడ్డా" అన్న.

ఇంకేం అంట? ఆమె దగ్గర మిగిలింది ఆ నవ్వు ఒక్కటే. ఈ రాత ఆమె చేతికి వస్తే, "మామ ఎప్పటిలెక్కనే ఉబ్బించి రాసిండు" అని పక్కన పెట్టాలె. మొదట్లనే నా గుణం ఒప్పుకున్నది ఆమె కోసమే.

కల్పించింది ఇది

బర్రె వార్డులోకి వచ్చింది, నర్సు పేరు అడుగలేదు. ఖాజా భాయ్ స్టూలెక్కలేదు, నిలబడే చెప్పేటోడు. నరహరి సార్ అన్న మాటలు మాత్రం నేను తగ్గించే రాసిన.

ఏమీ లేనిచోట పుట్టించింది ప్రభాకర్ సిగ్గు. వాని మొకం నల్లబడలేదు. చెప్పులు మరువలేదు. తన మాట రాంగనే తలెత్తిండు, అది నిజం. ఎత్తి, మెల్లగ తల ఊపి, మళ్ల వంచుకున్నడు. శోకం అయినంక చెప్పులు తొడుక్కొని నా దగ్గరికి వచ్చి, నా చెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకున్నడు.

"చివరిదాకా విన్న సార్" అన్నడు.